మూడో పదం

ఐదో ప్రశ్న కొట్టేయండి అని చెప్పడానికి ఫెలీసిదాద్ టీచరుకు ఈ గంట ఇచ్చారు. ఆ మాట అనేసి కుర్చీలో కూర్చుంటే చాలు, పిల్లలు సంతోషంగా గీత గీసేస్తారు, ఒక ప్రశ్న భారం తగ్గిందని పక్కవాళ్ల వంక చూసి నవ్వుకుంటారు కూడా. పత్రాలు పంచేటప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. పంచుతూ పంచుతూ చివరి వరుస దాకా వెళ్లి, తిరిగొచ్చి, మిగిలిన కాగితాల అంచులు బల్ల మీద తట్టి సరిచేసి, "మొదలుపెట్టండి" అని మాత్రం అంది. తలలు వంగాయి. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, కలాలు కదులుతున్నాయి, మాక్తాన్ దీవి విమానాశ్రయం నుంచి లేచిన విమానం ఒకటి బడి కప్పు మీదుగా పోతుంటే కిటికీ అద్దాలు గజగజలాడాయి. ఈ దీవిలో పుట్టిన పిల్లలు, ఒక్కరూ తలెత్తలేదు. ముందు వరుసలో జెనలిన్ అనే అమ్మాయి మొదటి ప్రశ్న వదిలేసి కాగితం తిప్పి చివరి ప్రశ్న చదువుతోంది. ఎప్పుడూ అంతే ఆ పిల్ల, చేప తలకాయతో అన్నం మొదలుపెట్టే రకం. చదివి తలెత్తి టీచరు వైపు చూసింది. ఫెలీసిదాద్ కిటికీ వైపు తిరిగింది.

చివరి ప్రశ్నే ఐదోది. ఎక్స్ వై, లేదా ఎక్స్ కానిది జెడ్, లేదా వై జెడ్. ఈ సమాసాన్ని సూక్ష్మీకరించండి. అంతవరకూ ఏ పుస్తకంలోనైనా ఉండేదే. ఏళ్ల తరబడి ఆమె నల్లబల్ల మీద రాసి చెరిపినదే. ఈ బూలియన్ బీజగణితం అంటే ఆమెకు ఇష్టం, ఇప్పటికీ ఇష్టమే, అదే ఎవరికీ అర్థం కాదు. రెండే అంకెలు, ఒకటి, సున్నా. ఉన్నది, లేనిది. ఒకటికి ఒకటి కలిపితే ఇక్కడ రెండు కాదు, ఒకటే, ఉన్నానని మూడుసార్లు అరిచినా ఒకసారి ఉన్నట్టే. కానిది కానిదైతే అయినదే. పేజీ వెడల్పున పరుచుకున్న సమాసం ఒక్కొక్క మెట్టూ దిగుతూ, ముల్లు తీసిన చేపలా ఒకే ఒక్క అక్షరంగా పళ్లెంలో మిగిలితే, ఆ వయసులో తనకెంత ఆనందం వేసిందో ఆమెకు గుర్తుంది. మూడు పదాల ఈ సమాసమూ అలాగే తగ్గుతుంది. వై, జెడ్ రెండూ ఉన్నాయనుకో. ఎక్స్ ఉంటుంది, లేకపోతే ఉండదు, ఇంకో దారి లేదు. ఉంటే మొదటి పదం చూసుకుంటుంది, లేకపోతే రెండోది చూసుకుంటుంది. మరి మూడోది దేనికి, వై జెడ్ దేనికి? కొట్టేయి. ఈ సూత్రానికి పుస్తకంలో ఏకాభిప్రాయం అని పేరు. అందరూ ఒప్పుకున్నారు, అది అక్కర్లేదని. కాగితం మీద ఆమె కూడా ఒప్పుకుంటుంది. అందుకే కిందనే రెండో భాగం రాసింది, పుస్తకంలో లేనిది, తన మాటల్లో: ఈ సమాసమే ఒక ప్రెస్సు యంత్రం బ్రేకును నడుపుతోంది. ఆ బ్రేకు పట్టి ఉంచిన ఇనప దిమ్మె కింద ఒక మనిషి తల వంచి పనిచేస్తున్నాడు. ఇప్పుడు ఆ మూడో పదం తీసేస్తారా? ఎందుకో రాయండి.

ఆ రెండో భాగం కోసమే పొద్దున ప్రిన్సిపాల్ రొమూలో గారికి ఫోను వచ్చింది. ఫ్యాక్టరీ వాళ్లు చేసింది. ఒప్పందం ప్రకారం ఈ క్లాసు పిల్లలు వచ్చే నెల పని నేర్చుకోవడానికి అక్కడికే వెళ్తారు గనక, ప్రశ్నపత్రం ముందుగా వాళ్లకీ చూపిస్తారు. వరండాలో ఆమెను ఆపి, చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటూ చెప్పాడాయన. "ఫెలీ, ఐదోది తీసేద్దాం. పెద్ద గొడవేం లేదు, పత్రాలు మళ్లీ అచ్చు వేయక్కర్లేదు, నోటితో చెప్పేస్తే సరిపోతుంది." ఎందుకని ఆమె అడగలేదు. ఆయనే చెప్పుకున్నాడు. "వాళ్లు బాధపడుతున్నారు. మన పిల్లల్ని తీసుకునేది ఆ ఒక్క ఫ్యాక్టరీయే కదా. నీ ప్రశ్న ఒకటి, అక్కడ వీళ్ల భవిష్యత్తు." గొంతు తగ్గించాడు. "ఆదివారం హుబ్కస్ కదమ్మా. ఏడాది అవుతోంది. నలుపు విప్పేస్తావు. దాంతోపాటు ఇదీ వదిలెయ్యి." ఆయన చెడ్డవాడు కాదు, అదే చిక్కు. ఆమె తమ్ముడి శవం ఇంట్లో ఉన్న రోజుల్లో రోజూ సాయంత్రం వచ్చి పేక ముక్కలు పంచి, జాగారానికి వచ్చినవాళ్లను నవ్వించినవాడు. శవం ఉన్న ఇంట్లో వచ్చినవాళ్లను గుమ్మం దాకా సాగనంపకూడదు గనక, ఆయన వెళ్తున్నప్పుడల్లా ఆమె కుర్చీలోంచి లేవకుండా వీపును మాత్రం చూసేది. మంచివాడి వీపే. ఆ మంచివాడే పొద్దున "నీ ప్రశ్న ఒకటి" అన్నాడు, ఎంత తేలిగ్గా అన్నాడు, ప్రశ్న చదివాడా అసలు, చదివి ఉంటే అలా అనగలడా.

నాలుగో వరుసలో ఎవరో దగ్గారు. ఆమె లేచి వరుసల మధ్య నడవడం మొదలుపెట్టింది. నడుస్తుంటే జాకెట్టు మీద గుచ్చిన నల్లగుడ్డ పిన్ను మెడ దగ్గర గీరుకుంటోంది, ఏడాదిగా గీరుకుంటూనే ఉంది. తమ్ముడి పేరు క్రిసాంతో, సాంతో అని పిలిచేవాళ్లు. ఆమె చంక దిగకుండా పెరిగినవాడు. పెద్దవాడై ఆ ఫ్యాక్టరీ ప్రెస్ షాపులోనే మరమ్మతుల మనిషి అయ్యాడు. వారానికోసారి జీతం మాట ఎత్తకుండా అక్కను రేవు దగ్గర బొగ్గుల మీద కోడి కాల్చే కొట్టుకు తీసుకెళ్లి, కొబ్బరాకు గూళ్లలో ఉడికిన అన్నం ముందు పెట్టి, తను మాత్రం ఆకు విప్పడం ఎప్పటికీ రానట్టు చీల్చి పారేసేవాడు. నూనె చేతులు, ఎంత తోమినా గోళ్ల కింద నలుపు. "అక్కా, నీ బీజగణితం మా షాపులో పనికిరాదు." "నీకు రాదని చెప్పరా, పనికిరాదనకు." "సరే, చెప్తా విను. దిమ్మె పడకుండా పట్టే బ్రేకు ఉందా? సెలెక్టర్ స్విచ్చి నీ ఎక్స్. ఇటు తిప్పితే మనిషి నడిపే పద్ధతి, అటు తిప్పితే దానంతటది నడిచే పద్ధతి. వై అంటే మొదటి పద్ధతికి మనం వేసే తాళం, జెడ్ రెండో పద్ధతికి వేసే తాళం. రెండు తాళాలూ వేసేసి లోపల దూరాననుకో. దిమ్మె పడుతుందా?" "పడదు. స్విచ్చి ఎటున్నా ఏదో ఒక తాళం బ్రేకు పట్టి ఉంచుతుంది." "ఎటున్నా సరే. తిప్పుతూ ఉంటే?" అంటూ కోడి ఎముకను రెండు వేళ్ల మధ్య తిప్పాడు. "ఇటు వదిలేసింది. అటు ఇంకా తగల్లేదు. ఇప్పుడు నీ ఎక్స్ ఎక్కడుంది?" "ఎక్కడో ఒకచోట ఉండాలి కదరా." "లేదక్కా. గాల్లో ఉంది." "అది రెప్పపాటు కూడా కాదు." "దిమ్మెకి రెప్పలుండవు." అని పగలబడి నవ్వాడు, అక్కను ఓడించినందుకు. కొట్టు ఆవిడ తిరిగి చూసింది. "మా ప్రెస్సు పాత కంట్రోలు బోర్డులో మూడో రిలే ఒకటి ఉంది. రెండు తాళాలూ పడి ఉంటే చాలు, స్విచ్చితో పని లేకుండా బ్రేకు పట్టుకుంటుంది. అదే నీ వై జెడ్. నువ్వు కొట్టేసేది. నేను దానికి దుమ్ము తుడుస్తా."

కాగితం మీద ఎక్స్‌కీ ఎక్స్ కానిదానికీ మధ్య సందు లేదు. షాపులో ఉంది. అది విన్న మర్నాడే ఆమె పాఠంలో చేర్చింది. ఎలా చెప్పాలా అని బడికి వస్తూ జీప్నీ బండిలో ఆలోచిస్తుంటే వెనక కూర్చున్నావిడ ఛార్జీ నాణెం పక్కవాడి చేతిలో పెట్టింది, అతను ముందువాడికిచ్చాడు, అలా చేతులు మారుతూ డ్రైవరు దాకా పోతుండగా ఒకడు అందుకోకముందే ఇంకొకడు వదిలాడు, నాణెం నేల సందులోంచి రోడ్డు మీద పడి మోగింది, బండంతా అయ్యో అంది. ఆ రోజు క్లాసులో అదే చెప్పింది. ఇచ్చే చెయ్యి సరైనదే, పుచ్చుకునే చెయ్యీ సరైనదే, తప్పు ఎవరిదీ కాదు, కింద మూడో చెయ్యి ఒకటి పట్టి ఉంటే నాణెం పడదు. లెక్కలో ఆ చేతికి పని లేదు. పడేటప్పుడే దాని పని. పిల్లలు నవ్వారు, నవ్వితే అర్థమైనట్టే. సాంతోకి చెబితే "ఇంతకీ నాణెం ఎవరిచ్చారు మళ్లీ?" అన్నాడు. ఆ మాట ఇప్పుడు ఎక్కడి నుంచి వచ్చింది, ఎందుకింత స్పష్టంగా, అదే గొంతుతో. ఆమె నడక ఆపి కిటికీ చువ్వ పట్టుకుంది. చువ్వ వేడిగా ఉంది. బయట మైదానంలో ఎవరో రేపటి జెండా వందనానికి సున్నం గీతలు గీస్తున్నారు, వంకరగా.

తరవాత కొత్త బోర్డు పెట్టారు. చిన్నది, అందంగా ఉంది, బొమ్మ కూడా శుభ్రంగా గీశారు అన్నాడు సాంతో, మెచ్చుకుంటూనే అన్నాడు. "మూడోది తీసేశారక్కా. అడిగితే, లెక్క చూడు, రెండింటికీ తేడా లేదు, ఇదెందుకు దండగ అన్నారు. ఈ సరుకు పంపేశాక చూద్దాం అన్నారు." సరుకు పంపారు. ఇంకో సరుకు వచ్చింది. ఒక మధ్యాహ్నం అతను రెండు తాళాలూ వేసి, దిమ్మె కింద ఇరుక్కున్న రేకు ముక్క తీయడానికి తలా భుజాలూ లోపల పెట్టాడు. లోపల మనిషి ఉన్నాడని తెలియని ఎవరో అవతల వైపు నుంచి స్విచ్చి తిప్పారు. ఇటు వదిలింది. అటు ఇంకా తగల్లేదు. ఆమె ఆ మధ్య సందులో ఏడాదిగా నిలబడి ఉంది. అంత ఇరుకు చోట మనిషి ఇన్నాళ్లు ఎలా పడుతుందో ఆమెకే తెలియదు.

ఆ తరవాత జరిగింది దాని కంటే నెమ్మదిగా జరిగింది. నివేదిక వచ్చింది. ఎంత పొందిగ్గా రాశారో. సమాసం ప్రకారం రెండు తాళాలూ పడి ఉంటే బ్రేకు వదలదు. బ్రేకు వదిలింది. కాబట్టి తాళం ఒకటి తీసి ఉండాలి. లోపల ఉన్నది అతనే గనక తీసింది అతనే. స్వయంకృత నిర్లక్ష్యం. మెట్టు మీద మెట్టు దిగుతూ, సాంతో అనే మనిషి అంతా, నూనె చేతులు, పాటలు, కూతురికి జడ వేయడం నేర్చుకోవడానికి తాడు ముక్కలతో సాధన చేసినవాడు, అంతా ఆ ఒక్క మాటగా కుదించుకుపోయాడు. ఆమె ఫ్యాక్టరీకి వెళ్లి అడిగింది. గాజు గదిలో కూర్చోబెట్టి చల్లని నీళ్లిచ్చారు. ఇస్త్రీ చొక్కా ఇంజనీరు ఎంతో మర్యాదగా సమాసం రాసి, మూడో పదాన్ని మొదటి పదంలోనూ రెండో పదంలోనూ కలిపేసి, గీత గీసి చూపించాడు. "మేడమ్, మీరు పిల్లలకి చెప్పేదే కదా ఇది." అతని గీతలో తప్పు లేదు. తన చేతిరాతలా ఉందది. కాగితం మీద అవును బాబూ, స్విచ్చిలో కాదు, అంటే, మర్యాదగానే నవ్వాడు, దుఃఖంలో ఉన్న ఆడమనిషి అని. ఇప్పుడు సాంతో కూతురు లుస్ బడి నుంచి వచ్చి పుస్తకాల సంచి దించకుండా అడుగుతుంది, "అత్తా, నాన్నే తాళం తీశాడంట కదా, నిజమా?" ప్రార్థనలకు వచ్చే ఆడవాళ్లు కూడా రోజరీ పూసలు తిప్పుతూ నిట్టూరుస్తారు, పాపం ఏం తొందరలో ఉన్నాడో అని. తొందర లేదు. వాడు రెండు తాళాలూ వేశాడు. రెండూ వేయకుండా చెప్పు కూడా లోపల పెట్టనివాడు. ఈ మాట ఎన్నిసార్లు అన్నా ఒకసారి అన్నట్టే, ఒకటికి ఒకటి కలిపితే ఒకటే. సరే, ఆ ఒకటి ఒకటిగానే ఉండనీ. సున్నా మాత్రం చేయనివ్వను. ఆదివారం నలుపు విప్పుతాను, అన్నం వండి ఊరికి పెడతాను, వాడికిష్టమని పంది మాంసం కాల్పిస్తాను. అది మా ఆచారం, చేస్తాను. దాంతోపాటు ఇది వదలమని ఏ ఆచారం చెప్పింది?

పిల్లల భవిష్యత్తు అన్నారు. ఆమె పిల్లల్ని చూసింది. వంగిన మెడలు. చెమటకు అతుక్కున్న జుట్టు, మెడ మీద పుట్టుమచ్చలు, ఒకడి మెడలో తల్లి కట్టిన ఎర్రదారం. వచ్చే నెల ఈ మెడలే అక్కడ వంగుతాయి. వెళ్లొద్దని ఆమె అనలేదు, అనదు కూడా, దీవిలో ఇంకేం పనుంది, ఉన్న ఒక్క చేతిపని గిటార్లు చెక్కడం, దాంతో ఎంతమంది బతుకుతారు. తెలిసి వెళ్లమంటోంది. తాళాలు రెండూ వేశాక కూడా స్విచ్చి దగ్గర ఒక మనిషిని నిలబెట్టకుండా లోపలికి వంగొద్దని ఒక్కరికి గుర్తున్నా చాలు. మార్కులు దేనికి, మార్కులు పెడితేనే గుర్తుంచుకుంటారని. ముప్పై ఏళ్లుగా తెలిసిన సంగతి అది.

తలుపు దగ్గర అలికిడి అయింది. రొమూలో గారు. చేతిలో రుమాలు అలాగే ఉంది. ఆమె వైపు చూసి కనుబొమలు ఎగరేశాడు, చెప్పావా అని. ఆమె తల అడ్డంగా ఊపింది. ఆయన, ఇలాంటిది తన మీదే పడుతుందని ముందే తెలిసినవాడిలా ఊపిరి వదిలి, లోపలికి వచ్చాడు. పిల్లలు లేచి నిలబడబోతే కూర్చోమని చేయి ఊపాడు.

"బాబులూ, అమ్మాయిలూ, చిన్న సవరణ. ఐదో ప్రశ్న కొట్టేయండి. దాని మార్కులు అందరికీ పడతాయి."

వెనక వరుసలో ఒకడు "బతికాం రా" అన్నాడు. నవ్వులు. గీతలు గీస్తున్న చప్పుడు రెండు మూడు చోట్ల వినబడింది. జెనలిన్ మాత్రం కలం ఎత్తి పట్టుకుని అలాగే ఉంది. ఆ పిల్ల కాగితం నిండా రాసి ఉంది, అన్నిటికంటే ముందు ఐదోదే రాసేసింది.

"మేడమ్," అంది ప్రిన్సిపాల్ వైపు చూడకుండా, "నేను రాసేశాను. కొట్టేయాలా?"

చప్పుడు ఆగిపోయింది. ఫెలీసిదాద్‌కు హాజరు పిలిచే గొంతే వచ్చింది.

"వద్దు. ఐదో ప్రశ్న ఉంది."

"ఫెలీ."

"గీత గీసినవాళ్లు పక్కన మళ్లీ రాయండి. నేను దిద్దుతాను. అందరికీ పంచే మార్కులు దానికి లేవు. రాసినవాళ్లకే."

రొమూలో గారు బల్ల దగ్గరికి వచ్చి, పిల్లలకు వినబడకుండా మాట్లాడాలని చూశాడు. ఆ నిశ్శబ్దంలో వినబడకుండా ఎలా ఉంటుంది. "నువ్వు నన్ను ఇరుకున పెడుతున్నావు. వాళ్లు పిల్లల్ని వద్దంటే తల్లిదండ్రులకి ఏం చెప్పను? నీకీ క్లాసు ఉంచుతారనుకుంటున్నావా?"

"తీసేయనివ్వండి. ఈ గంట నాదే కదా సర్."

"మొండితనం ఇది."

"అవును."

ఆయన రుమాలు జేబులో కుక్కుకున్నాడు. కాదంటుందని, ఏడుస్తుందని, తమ్ముడి పేరు ఎత్తుతుందని సిద్ధపడి వచ్చాడు, ఒప్పుకుంటుందని కాదు. ఫెలీసిదాద్ బల్ల మీద మిగిలిన పత్రాల్లోంచి ఒకటి తీసి ఆయన ముందు పెట్టింది. "మీరు దీన్ని చదవలేదు సర్. ఫోనులో విన్నారు. కొట్టేయమనేముందు ఒకసారి చదవండి. లెక్క వదిలేయండి, కింద మాటలు చదవండి చాలు."

బీజగణితం ఆయన సబ్జెక్టు కాదు, ఆయన నీతిపాఠాలు చెప్పి పైకొచ్చినవాడు. కళ్లజోడు నుదుటి మీంచి దించుకుని కాగితం కాస్త దూరంగా పట్టుకున్నాడు. పెదవులు కదిలాయి. ఒక మనిషి తల వంచి, అన్నచోట ఆగాయి. మళ్లీ మొదటికి వెళ్లాయి. ఇంకో విమానం కప్పు మీదుగా పోయింది, అద్దాలు అదిరాయి, అది పోయేదాకా ఆయన అదే వాక్యం దగ్గర ఉన్నాడు.

ఆయన ఏమంటాడో అని ఆమె ఆగలేదు. అవునన్నా, కాదన్నా, పత్రాలు దిద్దేది తనే. క్లాసు వైపు తిరిగింది.

"ఏంటి చూస్తున్నారు? టైము అయిపోలేదు. తలలు వంచి రాయండి," అంది, అనగానే సరిచేసుకుంది. "తల ఎత్తి కూర్చుని రాయండి. ఎత్తి."